పాడని నాగదుర్గ

లోవరాజుకి ఆర్కెస్ట్రా ఉంది, దాని సామాను పెట్టుకోవడానికి చోటు లేదు. చంద్రరావుకి గొడౌను ఉంది, అందులో పెట్టడానికి ధాన్యం లేదు. వరి మానేసి చెరుకు వేసినప్పటి నుంచి ఆయన పంట పొలంలోంచి నేరుగా ఫ్యాక్టరీకి వెళ్ళిపోతోంది. అందుచేత 1991లో, తణుకుని ఆనుకుని ఉన్న పైడిపర్రులో, చంద్రరావు ఇంటి వెనకాల రేకుల గొడౌనులోకి ఒక డ్రమ్ సెట్టు, రెండు గిటార్లు, ఒక బేస్ గిటారు, కీబోర్డు, మనిషెత్తు స్పీకర్ బాక్సులు వచ్చి చేరాయి. అద్దె సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఎలకలు పట్టకుండా చూసుకుంటే చాలన్నాడు లోవరాజు.

ఆ పని చంద్రరావు కూతురు నాగదుర్గకి అప్పగించారు. అప్పుడామె తొమ్మిదో తరగతి. సాయంత్రం బడి నుంచి వచ్చి, గొడౌను తాళం తీసి, డ్రమ్ముల మీద రెండు దెబ్బలు వేసేది. ఎలకలు పారిపోయేవి. కొన్నాళ్ళకి ఆ రెండు దెబ్బలూ గంటసేపు సాగడం మొదలైంది. ఎలకలు ఊరే మారిపోయాక కూడా ఆమె మానలేదు.

ఆదివారం మధ్యాహ్నాలు ఆర్కెస్ట్రా వాళ్ళు రిహార్సల్‌కి వచ్చేవారు. నాగదుర్గ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతూ, ఎవరి వేళ్ళు ఎక్కడికి వెళ్తున్నాయో చూసేది. వాళ్ళు వెళ్ళిపోయాక అవే వేళ్ళు వేసి చూసుకునేది. నేర్పమని ఎవర్నీ అడగలేదు. వద్దంటారన్న భయమేమీ కాదు, అడగాలని తోచలేదంతే. ఇంటర్మీడియట్ పూర్తయ్యేసరికి ఆ గొడౌనులో ఆమెకి చేతకానిది మైకు ఒక్కటే.

గొంతులో లోపమేమీ లేదు. మాట్లాడితే బాగానే ఉంటుంది, పాడితే బాగుండదు. ఆ సంగతి అందరికన్నా ముందు ఆమెకే తెలుసు కాబట్టి పాడేది కాదు. ఇంత చిన్న విషయం మిగతా వాళ్ళకి అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

1994లో అత్తిలి షష్ఠి తీర్థానికి రెండు రోజుల ముందు లోవరాజు వచ్చి చంద్రరావు ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు.

"అన్నయ్యగారూ, అమ్మాయిని అత్తిలి ప్రోగ్రాంకి పంపాలండి. మా డ్రమ్మరుకి పచ్చకామెర్లు."

"దానికి డ్రమ్స్ వచ్చని నీకెవరు చెప్పారు?"

"ఈ వీధిలో ఎవర్నడిగినా చెప్తారండి. నిద్రలేక ఉన్నారు."

చంద్రరావు షరతు పెట్టాడు. "తొమ్మిదింటికల్లా ఇంటికొచ్చెయ్యాలి."

"ప్రోగ్రాం మొదలయ్యేదే తొమ్మిదింటికండి."

చివరికి తల్లి మాణిక్యాంబ వెంట వెళ్ళేట్టు ఒప్పుకున్నారు. మాణిక్యాంబకి ఎప్పట్నుంచో ఆ జాతర చూడాలని ఉంది. ఆవిడ పెద్దగా ఆలోచించలేదు. పులిహోర కలిపి క్యారేజీ కట్టింది.

అత్తిలిలో నాగదుర్గ ఆకుపచ్చ లంగా ఓణీలో స్టేజి ఎక్కి, అందరి వెనకా డ్రమ్ముల మధ్య కూర్చుంది. మొదటి పాట అయ్యాక జనంలోంచి ఒకాయన లేచాడు. "ఆ అమ్మాయిని వెనక్కెందుకు కూర్చోబెట్టారండీ? ముందుకు పిలిచి పాడించండి." మరో నలుగురు ఆయనకి వంత పాడారు. లోవరాజు మైకు అందుకుని, "అమ్మాయికి ఇవాళ గొంతు బాగోలేదండి, క్షమించాలి," అన్నాడు.

ఆ గొంతు ఐదేళ్ళపాటు బాగుపడలేదు. వినాయక చవితి పందిళ్ళలోనూ, పెళ్ళి రిసెప్షన్లలోనూ, మొగల్తూరు నుంచి కోరుకొండ దాకా ఎక్కడ ప్రోగ్రాం పెట్టినా ఎవరో ఒకరు లేచి అమ్మాయిచేత పాడించమనేవారు, లోవరాజు అదే మాట చెప్పేవాడు. ఒకసారి పాలకొల్లులో ఒక ముసలావిడ స్టేజి వెనక్కి వచ్చి, కరక్కాయ బుగ్గన పెట్టుకోమని కాగితంలో చుట్టి ఇచ్చింది. నాగదుర్గ తీసుకుని, "అలాగేనండి మామ్మగారూ," అంది.

పచ్చకామెర్లు తగ్గినా పాత డ్రమ్మరు తిరిగి రాలేదు. బావమరిదితో కలిసి కోళ్ళఫారం పెట్టుకున్నాడు. తర్వాత బేస్ గిటారు వాయించే అతను కువైట్‌లో డ్రైవరు పనికి వెళ్ళిపోయాడు. కీబోర్డు అతనికి కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చింది. ఎవరు మానేస్తే ఆ కుర్చీలోకి నాగదుర్గ వెళ్ళేది, ఆమె ఖాళీ చేసిన కుర్చీలోకి కొత్తవాణ్ణి వెతికేవారు. దానితో ప్రతి ఏడూ ఆమె చేతిలో వాయిద్యం మారిపోయేది. "నువ్వున్నావన్న ధీమాతోనే వీళ్ళంతా మానేస్తున్నారమ్మా," అని లోవరాజు ఒకసారి విసుక్కున్నాడు. "నేను మానేస్తే ఆగుతారా బాబాయ్?" అని నాగదుర్గ అడిగింది.

మాణిక్యాంబ ఒక్క ప్రోగ్రాం కూడా తప్పలేదు. స్పీకర్ బాక్సు పక్కన చాప వేసుకుని, మొదటి పాటకే నిద్రపోయేది. మైకు సెట్టు చెడి చప్పుడు ఆగిపోతే మాత్రం ఉలిక్కిపడి లేచి, "ఏమైందే?" అనేది. అలా లేచినప్పుడల్లా ఏ తీగ ఊడిందో వెతికించి, వాళ్ళచేత పెట్టించి, మళ్ళీ పడుకునేది. లోవరాజు ఆవిణ్ణి మేనేజరుగారు అని పిలవడం మొదలుపెట్టాడు. మొదట వేళాకోళానికే. తర్వాత నిజంగానే డేట్లు ఆవిణ్ణి అడిగి ఒప్పుకునేవాడు.

ఈ మధ్యలో సంబంధాలు చూడటం మొదలైంది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కాఫీలు తాగి, ఒక పాట పాడించమని అడిగేవారు. చంద్రరావు అబద్ధం ఆడే మనిషి కాదు.

"పాడదండి. వాయిస్తుంది."

"వీణా అండి?"

"డ్రమ్సండి."

మొదటి రెండు సంబంధాలూ అక్కడితో ఆగిపోయాయి. మూడోది ఉండ్రాజవరం వైపు ఒక రైసుమిల్లులో మిషన్లు చూసుకునే గణేష్‌బాబు. చంద్రరావు "డ్రమ్సండి" అనగానే పెళ్ళికొడుకు తల్లి కొడుకు వంక చూసింది. అతను మాత్రం ఏమీ జరగనట్టు జంతిక నములుతున్నాడు. ఆవిడ చెవి దగ్గరికి వంగి, గట్టిగా మళ్ళీ చెప్పింది.

"అయితే ఏంటంట?" అన్నాడు గణేష్‌బాబు. తర్వాత చంద్రరావు వైపు తిరిగాడు. "ముందే చెప్పేస్తున్నానండి. మిల్లులో మిషన్ల పక్కనే పదేళ్ళ నుంచీ ఉంటున్నాను. నాకు కుడి చెవి వినపడదు, ఎడమ చెవి కూడా అంతంత మాత్రం. మెల్లగా మాట్లాడుకునే ఇల్లయితే నాకే ఇబ్బంది."

నాగదుర్గ అప్పుడు మొదటిసారి తలెత్తి చూసింది. 1998 మాఘమాసంలో వాళ్ళ పెళ్ళి అయింది, కాపురం పైడిపర్రులోనే పెట్టారు. రిసెప్షన్‌లో వాయించింది లోవరాజు ఆర్కెస్ట్రాయే, ఆ ఏడు డ్రమ్స్ నాగదుర్గవే కాబట్టి, ఆ సాయంత్రం డ్రమ్ముల దగ్గర ఎవరూ లేరు.

మరుసటి ఏడు లోవరాజు ఒక కొత్త కీబోర్డు కొన్నాడు. మీట నొక్కితే డ్రమ్స్ దానంతట అదే వాయిస్తుంది, ఇంకో మీట నొక్కితే బేస్ గిటారు. జనం అప్పటికే పాటకచ్చేరీలు మానేసి డాన్స్ ప్రోగ్రాములు అడుగుతున్నారు. నలుగురితో నడిచే ట్రూపు అయితే వ్యాన్ ఒక్కటి సరిపోతుంది. ఈ సంగతి చెప్పడానికి లోవరాజు వచ్చి చాలాసేపు ఎండల గురించి, పుచ్చకాయల గురించి మాట్లాడాడు.

"బాబాయ్, ఆ కీబోర్డు డ్రమ్స్ నేను విన్నాను," అంది నాగదుర్గ. "తప్పు వాయించదు. జ్వరం కూడా రాదు."

"అది కాదమ్మా..."

"మరి ఆ డ్రమ్ సెట్టు, గిటార్లు ఏం చేస్తారు?"

"అమ్మితే ఎవరు కొంటారమ్మా ఇప్పుడు? ఇక్కడే ఉండనీ."

అలా ఆర్కెస్ట్రా వెళ్ళిపోయింది, సామాను ఉండిపోయింది.

ఆర్కెస్ట్రాలో ఆఖరిదాకా మిగిలిన లీడ్ గిటారు మనిషి శాంతికుమార్. పగలు తణుకులో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసేవాడు, ఆదివారాలు చర్చిలో గిటారు వాయించేవాడు. అతని పని కూడా ఆ కొత్త కీబోర్డే తీసేసుకుంది. అతని మేనమామ కాకినాడ రేవు నుంచి వెళ్ళే ఓడల్లో పనిచేసేవాడు. ఆయన తెచ్చిన ఇంగ్లీషు క్యాసెట్లు ఒక బిస్కెట్ల డబ్బా నిండా ఉండేవి. ఉప్పుగాలికి లేబుళ్ళు ఊడిపోవడంతో ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు. శాంతికుమార్ ఆ డబ్బా పట్టుకుని గొడౌనుకి వచ్చాడు.

నాగదుర్గ వాటిని వారం రోజులు వింది. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు, అది ఆమెకి హాయిగా ఉంది. గిటారు కోపంగా ఉండేది, డ్రమ్స్ దాన్ని ఆపడానికి చూడకుండా ఇంకాస్త ఎగదోసేవి.

"ఎవరో నలుగురు తలుపులేసుకుని వాళ్ళకోసం వాళ్ళు వాయించుకున్నట్టుందండి, శాంతికుమార్ గారూ," అంది.

"ఆయ్. అదేనండి నాకూ నచ్చింది."

"మనం ఇద్దరమే ఉన్నాం కదా."

"తలుపు ఉందిగా అండి."

వాళ్ళు సొంతంగా బాణీలు కట్టడం మొదలుపెట్టారు. మాటలు రాయడం ఇద్దరికీ రాదు. శాంతికుమార్‌కి పాడటం వచ్చుగానీ, ఏది పాడినా ప్రార్థనలాగే ఉండేది. అందుచేత మాటలు వద్దనుకున్నారు. అతను సైకిలు మీద వచ్చేటప్పుడు రోజూ రైలు గేటు పడేది, ఆలస్యానికి రోజూ అదే చెప్పేవాడు. బ్యాండుకి పేరు కావలసి వచ్చినప్పుడు "రైలు గేటు" అని పెట్టుకున్నారు.

2000 వేసవిలో క్యాసెట్టు రికార్డు చేశారు. లోవరాజు వదిలేసిన రెండు టేపు రికార్డర్లు ఉన్నాయి. మొదటి దానిలో నాగదుర్గ డ్రమ్స్ రికార్డు చేసేది. అది వినిపిస్తుండగా బేస్ గిటారు వాయించి, రెండూ కలిపి రెండో దానిలో ఎక్కించేవారు. దాని మీద కీబోర్డు, ఆపైన ఇంకో గిటారు. చివర్లో శాంతికుమార్ లీడ్. మీటలు నొక్కే పని గణేష్‌బాబుది. టేపు రికార్డరు మీద చిన్న గాజు కిటికీలో ఒక ముల్లు ఉంటుంది, చప్పుడు పెరిగితే ఎర్రగీత వైపు వెళ్తుంది. మిల్లులో బాయిలరు ముల్లు చూడటం అతనికి అలవాటే. వినడంతో సంబంధం లేకుండా, ముల్లు గీత దాటకుండా కాపాడాడు. బాగా వచ్చిందని తోచినప్పుడు చెయ్యి ఎత్తేవాడు.

ఆ క్యాసెట్టు కాపీలు తీయించి, నాగదుర్గ, మాణిక్యాంబ కలిసి తణుకులో క్యాసెట్ల షాపుకి తీసుకెళ్ళారు. షాపాయన కాసేపు విని, ముందుకు తిప్పి, ఇంకాసేపు విన్నాడు.

"మాటలెప్పుడొస్తాయండి?"

"రావండి."

"మరి పాట ఏంటండి?"

"ఇదేనండి."

"అంటే దీనికి ఎవరన్నా పాడాలన్నమాట." ఆయన నాగదుర్గని చూశాడు. "మీరు పాడెయ్యకూడదా?"

మాణిక్యాంబ అందుకుంది. "దానికి గొంతు బాగోలేదండి."

ఆ షాపులోనే బ్యాటరీలు కొంటున్న పల్లంరాజు ఇదంతా విన్నాడు. ఆయన ఊళ్ళో కేబుల్ టీవీ నడుపుతున్నాడు. సినిమాల మధ్యలో తెర కింద ఊళ్ళో దుకాణాల ప్రకటనలు అక్షరాలుగా పరుగెత్తుతుంటాయి. ఆ సమయంలో సినిమా పాటలు వేస్తే హక్కులున్న కంపెనీలు నోటీసులు పంపుతున్నాయి.

"అందులో పాట లేదా అండి?" అనడిగాడు.

"లేదండి."

"మాట?"

"అదీ లేదండి."

"ఇటివ్వండి," అన్నాడు పల్లంరాజు.

ఆ క్యాసెట్టులో మొదటి బాణీ రెండేళ్ళపాటు తణుకులో రోజూ మోగింది. పల్లంరాజు దాన్ని భీమవరం, పాలకొల్లు కేబుల్ వాళ్ళకి కూడా ఇచ్చాడు. జనం అన్నాలు తింటూ, పిల్లలకి జడలు వేస్తూ దాన్ని విన్నారు. అది ఎవరిదని అడిగినవాళ్ళు లేరు. ఫ్యాను చప్పుడు ఎవరిదని అడుగుతామా?

2002లో భీమవరంలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు వార్షికోత్సవానికి పిలిచారు. శాంతికుమార్ పనిచేసే ల్యాబు డాక్టరుగారి అబ్బాయి ఆ కాలేజీలో చదువుతున్నాడు, అతనే మాట్లాడిపెట్టాడు. రైలు గేటు బ్యాండు బయట వాయించడం అదే మొదలు. నాగదుర్గ డ్రమ్స్, శాంతికుమార్ గిటారు. మిగతా వాయిద్యాలు కూడా నాగదుర్గవే, క్యాసెట్టులో. మీట నొక్కడానికి గణేష్‌బాబు. స్పీకర్ పక్కన చాప మీద మాణిక్యాంబ.

సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టారు. మొదటి రెండు బాణీలకీ కుర్రాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు. మూడోది కేబుల్ టీవీలో మోగేది. నాలుగు దెబ్బలు పడేసరికి హాలు నిశ్శబ్దమైపోయింది. గిటారు అందుకోగానే వెనక వరసలోంచి ఎవరో అరిచారు, "ఒక చీర కొన్నవారికి జాకెట్టు ముక్క ఉచితం." తర్వాతి చరణానికి హాలంతా కలిసింది. "బోర్లు వెయ్యబడును. మోటార్లు బిగించబడును." గిటారు పైకి వెళ్ళి ఆగే చోట అమ్మాయిల వైపు నుంచి, "మొలలకు ఆపరేషన్ లేకుండా వైద్యం," అని వచ్చింది. రెండేళ్ళు ఆ బాణీ వింటూ ఆ అక్షరాలు చదివిన పిల్లలు వాళ్ళు. ఏ మాట ఎక్కడ పడాలో ఎవరూ చెప్పనక్కర్లేకుండా అందరికీ తెలుసు.

శాంతికుమార్ చెయ్యి ఆగిపోయింది. నాగదుర్గ ఆపలేదు. అతను ఆమె మొహం చూసి మళ్ళీ అందుకున్నాడు. అయిపోయాక, "ఇంకోసారి," అన్నారు. ఇంకోసారి వాయించారు. మొత్తం మూడుసార్లు అయింది. మిగతా బాణీలు వాయించే అవకాశం రాలేదు.

తిరిగి వ్యాన్‌లో బయల్దేరారు. చాలా దూరం వచ్చాక మాణిక్యాంబ అంది, "పోన్లే, ఇన్నాళ్ళకి నీ పాట జనం పాడారు."

"అవి బోర్లు, మోటార్లమ్మా."

మర్నాడు నాగదుర్గ పల్లంరాజు ఆఫీసుకి వెళ్ళింది. ఆ బాణీ తీసెయ్యమంది. ఆయన మర్యాదస్తుడు, ఆ రోజే తీసేసి వేరేది వేశాడు. చీకటి పడేలోపల ఫోన్లు మొదలయ్యాయి. కొందరు టీవీ పాడైందన్నారు. ప్రకటన ఇచ్చిన బోర్ల ఆయన స్వయంగా వచ్చి, అక్షరాలు వస్తున్నాయిగానీ ప్రకటన రావట్లేదన్నాడు. మూడో రోజు పల్లంరాజు పైడిపర్రు వచ్చి, చేతులు కట్టుకుని గొడౌను ముందు నిలబడ్డాడు.

"మీరు ఊ అంటే మళ్ళీ వేస్తానండి. లేకపోతే నేను ఊళ్ళో ఉండేట్టు లేను."

నాగదుర్గ ఆ మూడు రోజులూ భీమవరంలో విన్నదే ఆలోచిస్తోంది. అవమానమనిపించిందనీ, ఆ రాత్రి అన్నం తినలేదనీ తర్వాత ఆమే చెప్పింది. కానీ ఒక విషయం ఆమెని వదల్లేదు. "బోర్లు వెయ్యబడును" దగ్గర కుర్రాళ్ళు ఒక చిన్న విరామం ఇచ్చారు. ఆమె బాణీలో అక్కడ ఒక దెబ్బ ఉంది. ఇంట్లో రెండు విధాలుగానూ వాయించి చూసుకుంది. వాళ్ళదే బాగుంది.

"వెయ్యండి," అంది పల్లంరాజుతో. "కానీ పాతది వద్దు. రెండు రోజులాగితే కొత్తగా రికార్డు చేసి ఇస్తాను. అందులో ఒక దెబ్బ ఎక్కువైంది."

పల్లంరాజుకి ఆ తేడా ఎప్పటికీ తెలియలేదు. తెలిసిందని మాత్రం చెప్పాడు.

2004లో శాంతికుమార్‌కి విశాఖపట్నంలో పెద్ద ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు బిస్కెట్ల డబ్బా గొడౌనులో పెట్టి, "వీటి పేర్లు తెలిస్తే ఫోన్ చెయ్యండి దుర్గగారూ," అన్నాడు. కేబుల్‌ని ఆ తర్వాత హైదరాబాదు కంపెనీ ఒకటి తీసుకుంది, ప్రకటనలకి సంగీతం అక్కణ్ణుంచే రావడం మొదలైంది. ఈసారి ఎవరూ ఫోన్లు చెయ్యలేదు. నాగదుర్గ కొన్నాళ్ళు గిటారు వాయించేవాళ్ళ కోసం వెతికింది. దొరికినవాళ్ళంతా, పాడేదెవరని మొదట అడిగారు. వెతకడం మానేసి, లీడ్ కూడా తనే వాయించడం మొదలుపెట్టింది.

రెండో రికార్డింగు మూడేళ్ళు పట్టింది. పొద్దున్న ఊళ్ళో పిల్లలకి గిటారు నేర్పేది, మధ్యాహ్నం నుంచి గొడౌనులో కూర్చునేది. గణేష్‌బాబు మిల్లు దిగి వచ్చి ముల్లు ముందు కూర్చునేవాడు. 2007 జులైలో ఒక మెల్లటి బాణీ చేస్తున్నారు. నాగదుర్గ ఒక్కతే గిటారు, ఇంకేమీ లేదు. సగంలో రేకుల మీద వాన మొదలైంది. ఆమె తలెత్తి భర్త వైపు చూసింది. అతను తలుపుకి వీపు పెట్టి ఉన్నాడు. గాజులో ముల్లు మాత్రం ఎన్నడూ లేనంత హుషారుగా లేస్తోంది. గణేష్‌బాబు సంతోషంగా చెయ్యి ఎత్తాడు. ఆమె ఆపకుండా చివరిదాకా వాయించింది.

"ఇదే అన్నిట్లోకీ బాగా వచ్చింది," అన్నాడతను.

"వాన పడిందండి."

"ఎప్పుడు?"

బయటికి వచ్చి తడిసిన వాకిలి చూశాక, అయితే మళ్ళీ చేద్దామన్నాడు. నాగదుర్గ ఒప్పుకోలేదు. వాన కూడా అలాగే ఉంచి, ఇంటర్నెట్ షాపులో సీడీలు కాపీ చేయించింది. ఒకటి విశాఖపట్నం పంపింది.

ఆ సీడీని శాంతికుమార్ ఎవరికి వినిపించాడో, వాళ్ళు ఎవరికి ఇచ్చారో గానీ, 2008 సెప్టెంబరులో రాజమండ్రి నుంచి ఫోన్ వచ్చింది. సొంత బాణీలు కట్టుకునే కుర్రాళ్ళు నాలుగైదు ఊళ్ళ నుంచి వచ్చి ఒక చిన్న హాల్లో వాయించుకుంటున్నారట. ఆమెని కూడా రమ్మన్నారు. నాగదుర్గ, గణేష్‌బాబు బస్సులో వెళ్ళారు. మాణిక్యాంబకి మోకాళ్ళ నొప్పులు, రాలేనంది. క్యారేజీ మాత్రం కట్టింది.

హాల్లో కుర్చీలే ఎక్కువగా ఉన్నాయి. నాగదుర్గ గిటారు ఒక్కటే తీసుకుని కూర్చుని, అరగంట వాయించింది. ఎవరూ ఏమీ అరవలేదు, కలిసి పాడలేదు, లేచి వెళ్ళలేదు. అయ్యాక చప్పట్లు కొట్టారు. గడ్డం పెంచుకున్న ఒక కుర్రాడు దగ్గరికి వచ్చి, "అక్కా, సీడీలో ఐదోదానికి ఆ వాన చప్పుడు ఏ మిషన్‌లో చేశారండి?" అని అడిగాడు. జులైలో చేశామని చెప్పింది.

తిరుగు బస్సులో ఆమె గణేష్‌బాబు ఎడమ చెవి వైపు కూర్చుంది.

"వాళ్ళు విన్నారండి," అంది.

"ఆయ్. చూశాను," అన్నాడు. కొవ్వూరు దాటాక ఇద్దరూ క్యారేజీ విప్పి దద్దోజనం తిన్నారు.

ఇప్పుడు మూడో రికార్డింగుకి నాలుగు బాణీలు తయారుగా ఉన్నాయి. దసరా వెళ్ళగానే రికార్డు చేద్దామనుకుంటున్నారు. ఆలస్యమైతే చెరుకు లారీలు మొదలవుతాయి. గొడౌను ముందు రోడ్డంతా వాటి చప్పుడుతో నిండిపోతుంది. చంద్రరావు ఈ ఏడు తన చెరుకు కాస్త ఆలస్యంగా కొట్టిస్తానన్నాడు. మిగతా రైతులతో కూడా మాట్లాడి చూస్తానన్నాడు గానీ, వాళ్ళు ఒప్పుకుంటారన్న నమ్మకం ఆయనకి లేదు.